రూత్ ఎందుకు చచ్చిపోవాలి?

1853 జనవరిలో లండన్‌లో 'రూత్' అనే నవల మూడు సంపుటాలుగా వెలువడింది. రాసినావిడ ఎలిజబెత్ గాస్కెల్. ఆమె భర్త మాంచెస్టర్‌లోని క్రాస్ స్ట్రీట్ ప్రార్థనా మందిరంలో యూనిటేరియన్ బోధకుడు. ఆమె నలుగురు ఆడపిల్లల తల్లి. 1848లో వచ్చిన 'మేరీ బార్టన్' నవలతో మిల్లు యజమానుల ఆగ్రహానికి అప్పటికే గురయి ఉంది. ఈసారి కోపం ఇంకా దగ్గర్నుంచి వచ్చింది. ఇద్దరు మగవాళ్ళు నవల మొదటి సంపుటాన్ని తగలబెట్టారనీ, మూడో ఆయన తన భార్యను చదవొద్దని కట్టడి చేశాడనీ, ఆదివారం ప్రార్థనలో వాళ్ళు తమ పక్కనే కూర్చుంటారనీ, ఆ చూపుల కింద తానేదో చెయ్యకూడని పని చేసినట్టు అనిపిస్తోందనీ ఆమె ఒక ఉత్తరంలో రాసుకుంది. లండన్‌లో పుస్తకాలు అద్దెకిచ్చే లైబ్రరీ ఒకటి ఇది సంసారులు చదివే పుస్తకం కాదని దాన్ని వెనక్కి తీసేసింది. ఆమె తన ఇంట్లో కూడా దాన్ని పిల్లలు ముట్టుకోకూడని పుస్తకంగానే ఉంచింది. పెద్దమ్మాయితో మాత్రం ఎప్పుడో తీరిగ్గా పక్కన కూర్చుని చదివిస్తానంది.

అంతగా తగలబెట్టాల్సింది అందులో ఏముంది? పెళ్ళికాకుండా తల్లయిన ఒక కుట్టుపని అమ్మాయి ఉంది. రచయిత్రి ఆ అమ్మాయిని చెడ్డది అనలేదు. అంతే.

నేను తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. ఇంగ్లీషు నవల నా రంగం కాదు. నన్ను ఇటు తిప్పింది డాలస్‌లో ఉంటున్న మా పిన్ని కూతురు. అక్కడ వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళంతా కలిసి పుస్తకాలు చదువుతారట. ఫ్రాన్సీన్ రివర్స్ రాసిన 'రిడీమింగ్ లవ్' చదివి రెండు రోజులు ఏడ్చానని ఫోన్‌లో చెప్పింది. "అక్కా, నువ్వు పీహెచ్‌డీ చేశావు గదా, ఇది చదివి ఇందులో తప్పేముందో చెప్పు చూద్దాం" అంది. సవాలుగా కాదు, నిజంగానే అడిగింది. చదివాను. తర్వాత అదే రచయిత్రిది ఇంకో నవల చదివాను. వాటి వెనక ఉన్న వంశవృక్షాన్ని వెతుక్కుంటూ పోతే గాస్కెల్ దగ్గర తేలాను. చెదిరిన కాపురం, అనుకోకుండా వచ్చిన గర్భం, చివర్లో దొరికే క్షమాపణ అనే మూడు ముడులతో అల్లిన కథకి క్రైస్తవ సమాజాల్లో నూట డెబ్భై ఏళ్ళకి పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర పొడవునా ఒకే ప్రశ్న నన్ను తొలుస్తూ వచ్చింది. క్షమించమని ఎవరు అడుగుతున్నారు, క్షమించే హక్కు ఎవరి చేతిలో ఉంది?

ముందు రూత్ కథ చెప్పాలి. రూత్ హిల్టన్ తల్లీతండ్రీ లేని పిల్ల. పదహారేళ్ళకి ఒక బట్టలు కుట్టే దుకాణంలో రాత్రింబవళ్ళు పనిచేస్తూ ఉంటుంది. డబ్బున్న కుర్రాడు హెన్రీ బెల్లింగ్‌హామ్ కంట పడుతుంది. అతనితో ఒక ఆదివారం షికారు వెళ్ళినందుకు యజమానురాలు ఆమెను పనిలోంచి వెళ్ళగొడుతుంది. వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. అతను లండన్ తీసుకెళ్తాడు, అక్కణ్ణుంచి వేల్స్ కొండల్లోకి. అక్కడ అతనికి జబ్బు చేస్తే తల్లి దిగుతుంది, కొడుకుని తీసుకుని వెళ్ళిపోతుంది. రూత్‌కి ఒక యాభై పౌన్ల నోటు, ఫలానా పశ్చాత్తాప గృహంలో చేరమని ఒక చీటీ వదిలిపెడుతుంది. యాభై పౌన్లు, ఒక సలహా: ధర అంత కచ్చితంగా కట్టడం ఆ తల్లికే సాధ్యం. చావబోతున్న రూత్‌ని థర్స్టన్ బెన్సన్ అనే గూనివాడైన బోధకుడు ఆపుతాడు. అతనూ, అతని అక్క ఫెయిత్ ఆమెను తమ ఊరికి తీసుకెళ్ళి, మిసెస్ డెన్‌బీ అనే వితంతువుగా లోకానికి చూపిస్తారు.

ఈ అబద్ధం నవలకి గుండెకాయ. బెన్సన్ దేవుడి మనిషి. జీవితాంతం నిజమే చెప్పినవాడు. గర్భిణి అయిన పిల్లని నిజంతో కాపాడలేనని తేలిపోయాక అబద్ధమాడతాడు. ఇంట్లో ముసలి పనిమనిషి సాలీ విషయం పసిగట్టి, వితంతువుకి జుట్టెందుకమ్మా అని రూత్ ఒత్తయిన జుట్టు కత్తిరించేస్తుంది. మన వైపు చదువరులకి ఈ ఘట్టం దగ్గర ఒళ్ళు జలదరిస్తుంది. ఆ కత్తిరింపు ఎక్కడిదో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. రూత్ ఒక్క మాట అనకుండా తల వంచుతుంది. సాలీకి అప్పుడు జాలి పుడుతుంది.

కొడుకు పుడతాడు. లియోనార్డ్. రూత్ బ్రాడ్‌షా అనే ధనికుడి పిల్లలకి చదువు చెప్పే ఉద్యోగంలో కుదురుకుంటుంది. ఏళ్ళు గడిచాక బెల్లింగ్‌హామ్ పేరు మార్చుకుని ఎన్నికల అభ్యర్థిగా అదే ఊరికి వస్తాడు. ఆమెను గుర్తుపట్టి, కొడుకుని చూసి, పెళ్ళి చేసుకుంటానంటాడు. రూత్ కాదంటుంది. నాకు ఈ నవలలో అన్నిటికంటే విలువైన పేజీలు ఇవే. లోకం దృష్టిలో ఆమె 'తప్పు'ని ఒక్క దెబ్బతో చెరిపెయ్యగల అవకాశం అది. ఆమె దాన్ని వద్దనుకుంటుంది, అతను మంచివాడు కాదు గనుక, కొడుకు అలాంటి మనిషి నీడలో పెరగకూడదు గనుక. మూడేళ్ళ తర్వాత ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ 'అరోరా లీ' కావ్యంలో మరియన్ అర్ల్ అనే అమ్మాయి, అత్యాచారం వల్ల తల్లయినది, పెళ్ళాడతానన్న పెద్దమనిషిని అలాగే కాదంటుంది. అత్యాచారం చేసినవాడికే ఇచ్చి పెళ్ళి చేసి కేసు సర్దేసే మన పెద్దమనుషుల పంచాయితీల్ని తలుచుకుంటే, 1850లలో ఇద్దరు స్త్రీలు ఆ 'పరిష్కారాన్ని' కాగితం మీద తిరస్కరించారన్నది చిన్న సంగతేమీ కాదు.

నిజం బయటపడుతుంది. బ్రాడ్‌షా ఆమెను ఇంట్లోంచి వెళ్ళగొడతాడు. అతని కొడుకే తర్వాత ఫోర్జరీ చేసి దొరుకుతాడు. గాస్కెల్ ఈ జతని ఊరికే పెట్టలేదు. రూత్ రోగులకి సేవ చేసే పనిలో దిగుతుంది. టైఫస్ జ్వరాలు వచ్చి మిగతావాళ్ళు జడిసి పారిపోతుంటే ఆసుపత్రిలోకి వెళ్తుంది. ఊరు దణ్ణం పెడుతుంది. వీధిలో ఎవరో ఆమెను పొగుడుతుంటే కొడుకు ముందుకొచ్చి నేను ఆమె కొడుకునని గర్వంగా చెప్పుకుంటాడు. కథ ఇక్కడ ఆగిపోయి ఉంటే బావుండేదని చదువరి ఆశ. కానీ జ్వరంతో పడి ఉన్న బెల్లింగ్‌హామ్‌కి రూత్ సేవ చెయ్యాల్సి వస్తుంది. అతను బతుకుతాడు. ఆమె చచ్చిపోతుంది.

షార్లెట్ బ్రాంటే 1852లో కథ రూపురేఖలు తెలిసినప్పుడే గాస్కెల్‌ని ఉత్తరంలో నిలదీసింది, ఆమె ఎందుకు చావాలి, పుస్తకం మూసి మేమెందుకు ఏడవాలి అన్న అర్థంలో. (బ్రాంటే తన 'విలెట్' నవల 'రూత్'కి అడ్డం రాకూడదని దాని విడుదలని జనవరి చివరిదాకా ఆపించింది కూడా. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే శత్రువులు అనేవాళ్ళకి చెప్పడానికి దాచుకోదగ్గ విషయం.) బారెట్ బ్రౌనింగ్ కూడా అదే ప్రశ్న వేసింది. బ్రాంటే అడిగినా గాస్కెల్ ముగింపు మార్చలేదు. ఎందుకు మార్చలేదో నవల చివరి పేజీ చెబుతుందని నా నమ్మకం. చివర్లో బ్రాడ్‌షా ఆమె సమాధికి రాయి వేయించడానికి వస్తాడు. అక్కడ ఏడుస్తున్న లియోనార్డ్‌ని చెయ్యిపట్టి ఇంటికి తీసుకెళ్తాడు. క్షమాపణ వచ్చింది. ఎలా వచ్చింది? రాతిపలకగా వచ్చింది. బతికున్న రూత్‌ని ఆ ఊరు మెచ్చుకోగలదు, వాడుకోగలదు. పక్కన కూర్చోబెట్టుకోలేదు. గాస్కెల్‌కి తన చదువరులు తెలుసు. తగలబెట్టిన ఆ ఇద్దరూ ఆమె పక్కనే కూర్చునేవాళ్ళు.

ఆ చదువరుల వెనక చట్టం ఉందని గుర్తు పెట్టుకోవాలి. 1834లో ఇంగ్లండ్ పేదల చట్టాన్ని మార్చినప్పుడు, పెళ్ళికాని తల్లికి పుట్టిన బిడ్డ పోషణ పదహారేళ్ళు వచ్చేదాకా తల్లి మీదే అని రాసేశారు. తండ్రిని దాదాపు పూర్తిగా వదిలేశారు. అలా చేస్తే ఆడపిల్లలు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారని శాసనకర్తల లెక్క. 1844లో కాస్త సడలించి, తల్లి స్వయంగా మెజిస్ట్రేట్ ముందుకెళ్ళి, తన మాటకి వేరే సాక్ష్యం కూడా చూపిస్తే, వారానికి రెండున్నర షిల్లింగులు మించకుండా తండ్రి నుంచి ఇప్పించొచ్చన్నారు. అంటే క్షమించడం, క్షమించకపోవడం అన్నది కేవలం మనసుకి సంబంధించిన వ్యవహారం కాదు. అది గింజలకి, గుడ్డకి సంబంధించింది. సంఘం మొహం చాటేస్తే బిడ్డ ఆకలితో చస్తుంది. అలాంటి రోజుల్లో నవలలో ఒక బోధకుడు పిల్లనీ తల్లినీ ఇంట్లో పెట్టుకోవడం ఎంత తెగింపో అప్పుడు అర్థమవుతుంది.

'రూత్'కి మూడేళ్ళ ముందు అమెరికాలో హాథార్న్ 'ది స్కార్లెట్ లెటర్' వచ్చింది. అందరికీ తెలిసిన కథే. భర్త ఉండి, ఆ భర్త ఊళ్ళో లేనప్పుడు తల్లయిన హెస్టర్ ప్రిన్ ఎదమీద ఎర్ర అక్షరం. బిడ్డ తండ్రి ఎవరో కాదు, ఆ ఊరి బోధకుడే. హెస్టర్ పేరు చెప్పదు. హాథార్న్ మొగ్గంతా ఆ బోధకుడి అంతర్మథనం మీద. మగవాడి పశ్చాత్తాపం సాహిత్యంలో ఎప్పుడూ గొప్ప విషాదంగా, ఆడదాని పశ్చాత్తాపం ఎప్పుడూ విధిగా కనపడుతుందని నాకో అనుమానం. 1859లో జార్జ్ ఎలియట్ 'ఆడమ్ బీడ్' ఇంకా చీకట్లోకి వెళ్ళింది. పాలకేంద్రంలో పనిచేసే హెట్టీ, జమీందారు మనవడి వల్ల గర్భవతై, పుట్టిన బిడ్డను అడవిలో వదిలేస్తుంది. ఉరిశిక్ష పడుతుంది. జైల్లో ఆ రాత్రి ఆమె పక్కన కూర్చునేది డైనా మోరిస్ అనే మెథడిస్టు స్త్రీ బోధకురాలు. ఎలియట్ పిన్ని ఎలిజబెత్ ఎవాన్స్ నిజంగానే 1802లో నాటింగ్‌హామ్‌లో బిడ్డను చంపిన నేరానికి ఉరితీయబడిన మేరీ వోస్‌తో జైల్లో గడిపింది. ఆ జ్ఞాపకమే నవలకి బీజం. ఒక స్త్రీ ఇంకో స్త్రీకి క్షమాపణ మాట మోసుకెళ్ళిన అరుదైన సందర్భం ఇది. హెట్టీ ఉరి తప్పి దేశాంతరవాస శిక్షగా మారుతుంది. తిరిగి వచ్చే దారిలో చనిపోయిందని ముగింపులో ఒక్క మాట. అదే ముగింపులో, మెథడిస్టు మహాసభ 1803లో ఆడవాళ్ళు బోధించడాన్ని కట్టడి చేసిన తర్వాత డైనా కూడా బోధ మానేసి సంసారంలో ఒదిగిపోయి కనిపిస్తుంది. ఒకరు చనిపోయారు, ఇంకొకరి నోరు మూతపడింది. జైల్లో ఆ రాత్రి మాత్రం మిగిలింది.

ఇక్కడ మా అమ్మమ్మ మాట ఒకటి చెప్పాలి. ప్రకాశం జిల్లాలో వాళ్ళ ఊళ్ళో పెళ్ళికాని అమ్మాయికి నెల తప్పింది. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు నిలబెట్టారు. తప్పయిపోయింది, క్షమించండి అని ఆ పిల్ల చెప్పింది. సంఘం క్షమించింది. ఆరునెలలు బల్లలో పాలు పొందకూడదని కట్టడి మాత్రం పెట్టారు. ఆ అబ్బాయిని అంతకు ముందు వారమే హైదరాబాదులో ఏదో పని చూసి పంపించేశారు. ఈ కథ అమ్మమ్మ చాలా మామూలుగా చెప్పేది, ఒక ముగింపు మాటతో: "ఆ పిల్ల నిలబడింది సరే. పక్కన ఇంకొకళ్ళు నిలబడాల్సిన చోటు ఖాళీగానే ఉండెగదే!" మా వైపు రూతమ్మలు వీధికొకరుంటారు. వాళ్ళ పేరు మాత్రం బైబిల్లోని రూతు నించి వచ్చింది. పరాయి పొలంలో పరిగె ఏరుకుని అత్తగారిని పోషించిన వితంతువు ఆవిడ. గాస్కెల్ కూడా ఆ పేరుని ఊరికే ఎంచుకోలేదని విమర్శకులు అంటారు. పైగా పాత ఇంగ్లీషులో రూత్ అంటే జాలి.

ఖాళీ చోటు అన్న ఆ మాట నాకు యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయాన్ని కొత్తగా చదివించింది. వ్యభిచారంలో పట్టుబడిందని ఒక స్త్రీని రాళ్ళతో కొట్టడానికి ఈడ్చుకొస్తారు. లేవీయకాండం ఇరవయ్యో అధ్యాయం ప్రకారం శిక్ష ఇద్దరికీ. పట్టుబడిందంటే రెండోవాడూ అక్కడే ఉండాలి కదా! తీసుకొచ్చింది మాత్రం ఒక్క స్త్రీని. యేసు ఆమెను అడ్డుకుని కాపాడాడు. కాపాడటమే కాదు, రాళ్ళు పట్టుకున్నవాళ్ళ పాపాల్ని వాళ్ళకే గుర్తుచేశాడు. ఈ ఘట్టం సినాయి, వాటికన్ లాంటి అతి పాత గ్రీకు ప్రతుల్లో లేదు. తర్వాత ప్రతుల్లో చేరింది, కొన్నిటిలో వేరే చోట కూడా కనిపిస్తుంది. అంత కుదురులేని ఘట్టాన్ని ఆడవాళ్ళు మాత్రం గట్టిగా పట్టుకున్నారు. మన అహల్యలో లేని ఒక మాట ఇందులో ఉంది. అహల్యకి శాపవిమోచనం జరుగుతుంది గానీ రాళ్ళు వేసేవాణ్ణి ఎవరూ నువ్వెవరని అడగరు. ఆ అడగడం కోసం ఓల్గా 'విముక్త' కథల్లో అహల్య నోరు విప్పేదాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు అమెరికా. 1979లో బెథనీ హౌస్ అనే ప్రచురణ సంస్థ జానెట్ ఓక్ రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' వేసింది. పడమటి మైదానాల్లో భర్త చనిపోయి, కడుపులో బిడ్డతో ఒంటరిగా మిగిలిన మార్టీ, ఒక బిడ్డ తండ్రిని అవసరం కోసం పెళ్ళాడుతుంది. ప్రేమ నెమ్మదిగా తర్వాత వస్తుంది. ఈ చిన్న పుస్తకం విజయంతో ఎవాంజెలికల్ ప్రేమనవల ఒక పరిశ్రమగా నిలబడింది. ఆ ఏడు ఇంకో రకంగానూ ముఖ్యమైంది. మోరల్ మెజారిటీ అనే రాజకీయ వేదిక పుట్టింది 1979లోనే. ఇప్పుడు చాలామందికి నమ్మశక్యం కాని విషయం ఒకటుంది. 1971లో సదరన్ బాప్టిస్టుల మహాసభ అత్యాచారం, పిండంలో తీవ్రమైన లోపాలు, తల్లి శారీరక మానసిక ఆరోగ్యం లాంటి కారణాలున్నప్పుడు గర్భస్రావాన్ని చట్టం అనుమతించాలని తీర్మానించింది. మన దేశంలో గర్భస్రావ చట్టం వచ్చిందీ ఆ 1971లోనే. 1973లో రో తీర్పు వచ్చింది. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి ఎవాంజెలికల్ క్రైస్తవానికి గర్భస్రావ వ్యతిరేకత గుర్తింపు చిహ్నంగా మారిపోయింది. కాబట్టి ఈ నవలల్లో కనిపించే వైఖరి అనాదిగా వస్తున్నది కాదు. చాలా మటుకు నా తల్లి తరంలో తయారైంది.

ఫ్రాన్సీన్ రివర్స్ మొదట మామూలు ప్రేమనవలలు రాసేది. 1980లలో విశ్వాసంలోకి వచ్చాక 1991లో 'రిడీమింగ్ లవ్' రాసింది. బైబిల్లో హోషేయ ప్రవక్త కథ దీనికి ఆధారం. దేవుడి ఆజ్ఞ మీద హోషేయ గోమెరు అనే వ్యభిచారిణిని పెళ్ళాడతాడు, ఆమె వెళ్ళిపోతుంది, ఇంకోసారి వెండీ యవలూ ఇచ్చి స్త్రీని విడిపించి తెచ్చుకుంటాడు. ఆ గ్రంథం మొత్తంలో గోమెరు ఒక్క మాట మాట్లాడదు. రెనీటా వీమ్స్ అనే ఆఫ్రికన్ అమెరికన్ బైబిల్ పండితురాలు 1995లో 'బాటర్డ్ లవ్' అనే పుస్తకంలో, దేవుణ్ణి భర్తగానూ ప్రజల్ని దారితప్పిన భార్యగానూ చూపే ఈ ప్రవక్తల ఉపమానం భార్యని కొట్టడాన్ని ప్రేమలో భాగం చేస్తుందని వివరంగా చర్చించింది.

రివర్స్ ఆ మూగ గోమెరుకి మాట ఇచ్చింది, ఒప్పుకోవాలి. 1850ల కాలిఫోర్నియాలో, బంగారం వేట రోజుల్లో, ఎనిమిదేళ్ళకే అమ్ముడుపోయి వేశ్యావాటికలో పెరిగిన ఏంజెల్ ఆమె. మైకేల్ హోసియా అనే రైతు, ఆమెను తన్ని చావుబతుకుల్లో పడేసినప్పుడు, సగం స్పృహలో ఉండగా 'సరే' అనిపించుకుని పెళ్ళి చేసుకుని ఇంటికి తీసుకుపోతాడు. ఆమె మళ్ళీ మళ్ళీ పారిపోతుంది. సగం స్పృహలో ఇచ్చిన అంగీకారం అంగీకారమా అని మా చెల్లిని అడిగితే కాసేపు మాట్లాడలేదు. "అవునక్కా, కానీ అతను ఒక్కసారి కూడా చెయ్యెత్తడు. నాకదే కన్నీళ్ళు తెప్పించింది" అంది. ఆ మాట దగ్గర నా దగ్గరున్న సిద్ధాంతం ఏదీ పనికిరాలేదు. జానిస్ రాడ్‌వే 1984లో ప్రేమనవలల పాఠకురాళ్ళ మీదా, లిన్ నీల్ 2006లో ఎవాంజెలికల్ ప్రేమనవలల పాఠకురాళ్ళ మీదా చేసిన అధ్యయనాలు ఈ మౌనాన్ని అర్థం చేసుకోవడానికి కొంత సాయపడ్డాయి. చదివేవాళ్ళు రచయిత చెప్పినదంతా మింగెయ్యరు. తమకి లేనిది ఏరుకుంటారు. కొట్టని మగవాడు అన్నది కలలోకి రావాల్సినంత అరుదైన వస్తువయినప్పుడు ఏరుకోకేం చేస్తారు!

నవలలో నాకు నచ్చిన భాగం వేరే ఉంది. ఏంజెల్ చివరిసారి వెళ్ళిపోయినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో తనలాంటి అమ్మాయిలకి ఆశ్రయం నడుపుతూ తన కాళ్ళ మీద నిలబడుతుంది. ఒక స్త్రీ తనని తాను క్షమించుకోవడమంటే అదే. రచయిత్రి ఆ భాగాన్ని హడావిడిగా దాటేసి ఆమెను మైకేల్ కాళ్ళ దగ్గరికి చేర్చింది. దీని మీద వచ్చిన సినిమా 2022 జనవరిలో విడుదలయింది. అదే ఏడాది జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు రో తీర్పుని కొట్టేసింది. రెండిటికీ సంబంధం లేదు, నిజమే. ఒకే గాలి పీల్చి పెరిగాయి.

1997లో వచ్చిన 'ది అటోన్‌మెంట్ చైల్డ్' ఇంకా సూటిగా ఉంటుంది. డైనా కేరీ (ఎలియట్ బోధకురాలి పేరే, స్పెల్లింగు మారింది) క్రైస్తవ కళాశాల విద్యార్థిని. రాత్రి పని నుంచి వస్తుంటే అత్యాచారానికి గురవుతుంది, గర్భవతవుతుంది. బోధకుడు కాబోతున్న ఆమె కాబోయే భర్త ఆ బరువు మొయ్యలేక తప్పుకుంటాడు. పెళ్ళికాని గర్భిణి మా ఆవరణలో ఉండకూడదని కళాశాల పంపించేస్తుంది. ఇంటికొస్తే తల్లి జీవితంలో పాత గర్భస్రావం ఒకటి బయటపడుతుంది. అది ఆ భార్యాభర్తల మధ్య ఏళ్ళ తరబడి మాట్లాడుకోని గాయం. అమ్మమ్మకీ అలాంటి రహస్యమే. మూడు తరాల ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోలేకపోయిన మాటలు ఒక ఇంట్లో బయటికొస్తాయి. ఈ కథ తన జీవితానుభవంలోంచి వచ్చిందని రచయిత్రి బాహాటంగానే చెప్పుకుంది. అందుకే కాబోలు, ఆ మూడు తరాల సంభాషణల్లో ఉపన్యాసం లేదు, నిజం ఉంది. చర్చి, కళాశాల, కాబోయే బోధకుడు ఎంత పిరికివాళ్ళో ఈ నవల దాచదు. స్త్రీవాద నవలే ఇంత కరకుగా రాసి ఉండేదేమో అనిపించే పేజీలున్నాయి.

నాకు అడ్డు తగిలేది దాని ముగింపు. మొదట్నుంచీ కథ ఒకే గమ్యం కేసి నడుస్తుంది. డైనా బిడ్డను కనాలి. కనడం ఒక దారి అయ్యుంటే నాకు అభ్యంతరం లేదు. కన్నవాళ్ళున్నారు, వాళ్ళ నిర్ణయం వాళ్ళది. ఇక్కడ మిగతా దారులన్నీ పశ్చాత్తాపానికే పోతాయి. తల్లీ అమ్మమ్మా దశాబ్దాలు కుమిలింది గర్భస్రావం వల్లనా, దాన్ని నోరెత్తి చెప్పుకోనివ్వని ఇంటివల్లా, చర్చివల్లనా? నవల ఈ రెండింటినీ విడదీయదు. విడదీస్తే కథ మారిపోతుంది. అత్యాచారం చేసినవాడు నవల మొత్తంలో చీకట్లోంచి వచ్చి చీకట్లోకి పోయిన నీడ. మా అమ్మమ్మ చెప్పిన ఖాళీ చోటు ఇక్కడ కూడా ఖాళీయే. 

ఈ కథలన్నీ మనకి దూరంగా ఎక్కడో జరిగినవని అనుకోవడానికి వీల్లేదు. గాస్కెల్ నవల వచ్చిన నాలుగేళ్ళకి, 1857లో, ఇంగ్లండ్‌లో విడాకుల చట్టం వచ్చింది. భార్య వ్యభిచరించిందని రుజువైతే చాలు, భర్తకి విడాకులు. భర్త వ్యభిచరించాడని రుజువైనా భార్యకి చాలదు. దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో, ఇంకో పెళ్ళో, ఇంకేదో ఉండాలి. అదే తూకాన్ని 1869లో ఇండియన్ డివోర్స్ యాక్ట్‌గా ఇక్కడి క్రైస్తవుల మీద పెట్టారు. ఇంగ్లండ్ 1923లో ఆ తేడా తీసేసింది. మన దగ్గర మాత్రం గుంటూరులోనో, నెల్లూరులోనో ఒక క్రైస్తవ స్త్రీ, భర్త ఇంకొకావిడతో ఉంటున్నాడని చెప్పినా, కొడుతున్నాడని కూడా కలిపి రుజువు చేస్తే తప్ప విడాకులు దొరకని స్థితి ఇరవయ్యో శతాబ్దమంతా కొనసాగింది. దెబ్బలు మాత్రమే అయితే అవీ చాలవు. కేరళ హైకోర్టు 1995లో, బొంబాయి హైకోర్టు 1997లో ఈ తేడా చెల్లదన్నాయి. పార్లమెంటు 2001లో గానీ పదో సెక్షన్ మార్చలేదు. పరస్పర అంగీకారంతో విడిపోయే దారి కూడా అప్పుడే వచ్చింది. భార్యతో సంబంధం పెట్టుకున్నవాడి నుంచి భర్త నష్టపరిహారం అడగొచ్చన్న సెక్షన్ కూడా అప్పుడే పోయింది. పశువు కాలుజారి పరాయి చేలో పడితే ఇప్పించే బందెలదొడ్డి డబ్బుల్లాంటిది అది. నూట ముప్ఫై రెండేళ్ళు 'క్షమించి కాపురం చెయ్యి' అన్న సలహాకి వెనక ఈ చట్టం నిలబడి ఉంది. వేరే తలుపు లేని గదిలో క్షమించమనడం బోధకుడికి సులువే.

చివరిగా 'రూత్' వెనక ఉన్న అసలు అమ్మాయి గురించి. 1850 జనవరిలో గాస్కెల్, చార్లెస్ డికెన్స్‌కి ఒక ఉత్తరం రాసింది. మాంచెస్టర్‌లో న్యూ బెయిలీ జైల్లో పదహారేళ్ళ అమ్మాయి ఉంది. తండ్రి మతబోధకుడు, చిన్నప్పుడే పోయాడు. తల్లి ఇంకో పెళ్ళి చేసుకుని పట్టించుకోలేదు. కుట్టుపని నేర్చుకోవడానికి పెట్టిన చోట యజమానురాలి కుమ్మక్కుతో ఒక డాక్టరు ఆమెను పాడుచేశాడు. చివరికి దొంగతనం కింద జైలుకొచ్చింది. జైల్లో ఆమెకి జబ్బు చేస్తే చూడ్డానికి వచ్చిన డాక్టరు అతనే. అతన్ని చూసి అమ్మాయి మూర్ఛపోయింది. అతను కుర్చీలో కూలబడి, నువ్విక్కడికెలా వచ్చావని అడిగాడట. అతని ఉద్యోగం పోయింది. నవలల్లో మగవాడికి ఎప్పుడూ దొరకని ఆ చిన్న శిక్ష నిజ జీవితంలో దొరికింది. డికెన్స్ అప్పటికి ఏంజెలా బర్డెట్ కూట్స్ డబ్బుతో లండన్‌లో యురేనియా కాటేజీ నడుపుతున్నాడు. ఇలాంటి అమ్మాయిల్ని విదేశాలకి పంపి కొత్త జీవితం ఇచ్చే ఇల్లు అది. గాస్కెల్ అడిగింది కూడా ఆ దారి గురించే. ఆమెను పశ్చాత్తాప గృహంలో పెట్టడం ఆవిడకి ఇష్టం లేదు. తోడుగా వెళ్ళే మంచి కుటుంబాన్ని వెతికి, బట్టలూ సామానూ సర్ది పంపింది. 1850లోనే ఆ పిల్ల దక్షిణాఫ్రికాలో కేప్‌కి ఓడెక్కింది, ప్రాణాలతో.